రిలీజ్ నోట్స్ ఎవరి కోసం రాయాలి? ఆరు పద్ధతుల పోలిక, ఎవరికి ఏది నప్పుతుందో సలహా

మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీలో నేను పనిచేసేటప్పటి సంగతి. ఒక శుక్రవారం రాత్రి కొత్త వెర్షన్ పంపించాం. అందులో చిన్న మార్పు ఒకటుంది. అప్పటిదాకా బిల్లులో ఒక్కో మందు ధరనీ దగ్గర్లోని రూపాయికి సర్ది, ఆ తర్వాత కూడేవాళ్లం. కొత్త వెర్షన్‌లో ముందు పైసలతో సహా అన్నీ కూడి, చివర్లో మొత్తాన్ని ఒక్కసారే సర్దాం. లెక్క ప్రకారం ఇదే సరైనది. రిలీజ్ నోట్స్‌లో, అంటే కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే కాగితంలో, నేను రాసిన ముక్క ఇది: "రౌండాఫ్ లాజిక్‌ను లైన్ లెవెల్ నుంచి ఇన్వాయిస్ లెవెల్‌కి మార్చాం."

శనివారం సాయంత్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. 33.40, 45.40, 20.40 రూపాయల మందులు మూడు కొంటే పాత పద్ధతిలో 33, 45, 20 కలిపి 98 అయ్యేది. కొత్త పద్ధతిలో 99.20, సర్దితే 99. శుక్రవారం 98 కట్టి వెళ్లిన మనిషి శనివారం ఆ మందులు వాపసు తెస్తే సాఫ్ట్‌వేర్ 99 తిరిగిమ్మంది. ఒక్కో రిటర్న్‌కి ఒక రూపాయి. రాత్రి గల్లాపెట్టె లెక్క చూసేసరికి డబ్బు తగ్గింది. దానికి జవాబు చెప్పుకోవాల్సింది కౌంటర్లో కూర్చునే అబ్బాయి. అతను నోట్స్ చదవలేదా అంటే, చదివాడు. ఇన్వాయిస్ లెవెల్ అంటే తన కౌంటర్లో ఏం జరుగుతుందో అందులో లేదు.

నేను రాసిన వాక్యంలో అబద్ధం లేదు. పక్క సీటులో కూర్చుని కోడ్ రివ్యూ చేసే మనిషికి అది చక్కగా సరిపోతుంది. కానీ అది చేరింది షాపులకి. అప్పటినుంచి ప్రతి రిలీజ్‌కీ, రాయడం మొదలుపెట్టే ముందు, ఇది ఎవరి చేతికి వెళ్తుందో తేల్చుకుంటున్నాను. మీ టీమ్‌లో కూడా చేంజ్‌లాగ్ (వెర్షన్ల వారీగా మార్పుల చిట్టా) పెట్టాలా, కోడ్ ఉంచుకునే గిట్‌హబ్ సైట్ ఇచ్చే ఆటోమేటిక్ జాబితా సరిపోతుందా, కస్టమర్లకి వేరే నోట్ రాయాలా అని తర్జనభర్జన పడుతుంటే, కింద రాసింది మీకు పనికొస్తుంది.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

నేను ఐదు ప్రశ్నలు వేసుకుంటాను. మొదటిదానికి జవాబు దొరికితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

చదివాక వాళ్లు ఏం చెయ్యాలి? మనం ఏం చేశామో మనకి బాగా తెలుసు కాబట్టి చెయ్యి అదే రాయబోతుంది. చదివేవాళ్లకి కావాల్సింది మాత్రం తమ వంతు పని. అడ్మిన్‌కి ఈ వెర్షన్ ఎప్పుడు వెయ్యొచ్చో, ముందు ఏం బ్యాకప్ తీసుకోవాలో తెలియాలి. మన ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మన సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి) వాడే డెవలపర్‌కి తన కోడ్‌లో ఏది పనిచెయ్యకుండా పోతుందో తెలియాలి. కౌంటర్లో కూర్చునేవారికి రేపు పొద్దున్న స్క్రీన్ మీద ఏది మారి కనబడుతుందో, సపోర్ట్‌లో ఉన్నవారికి ఫోన్ వస్తే ఏం చెప్పాలో తెలియాలి.

ఎప్పుడు చదువుతారు? అప్‌గ్రేడ్‌కి ముందు తీరిగ్గా చదివేవాళ్లు కొందరు. అంతా అయ్యాక ఏదో తేడా కొట్టి, ఎర్రర్ మెసేజ్‌ను సెర్చ్‌లో పెట్టి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎక్కువమంది. ఈ రెండో రకం వాళ్ల కోసం ఎర్రర్ మెసేజ్‌ను ఉన్నదున్నట్టు నోట్‌లో పెట్టాలి.

ఎంతసేపు చదువుతారు? డేటాబేస్ అడ్మిన్ అరగంట కూర్చుంటారు. ఫోన్‌లో యాప్ అప్‌డేట్ చేసేవారు రెండు లైన్లు చూస్తే గొప్ప.

ఎవరు రాస్తారు, వాళ్లకి టైమ్ ఉందా? దీన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు. నాలుగు రకాల నోట్స్ రాస్తామని మొదలుపెట్టి మూడో రిలీజ్‌కల్లా ఆపేసిన టీమ్‌లను నేను చూశాను.

ఎన్నాళ్లు పనికిరావాలి? కొన్ని నోట్స్ వారంలో పాతబడిపోతాయి. కొన్నింటిని మూడేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు తెరుస్తారు.

## ఒక్క చూపులో

| పద్ధతి | అసలు పాఠకులు | ఎప్పుడు చదువుతారు | రాసే శ్రమ | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| కమిట్లు (కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పు) లేదా పుల్ రిక్వెస్టుల (మార్పుల్ని కలుపుకోమని పంపే అభ్యర్థనల) ఆటోమేటిక్ జాబితా | సొంత టీమ్, కోడ్ ఇచ్చేవాళ్లు | ఏదైనా చెడిపోయాక | దాదాపు లేదు | బయటివాళ్లకి అర్థం కాదు |
| చేతితో రాసే చేంజ్‌లాగ్ | లైబ్రరీ (తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే తయారు కోడ్) వాడే డెవలపర్లు | వెర్షన్ పెంచేముందు | కొద్దిగా, కానీ రోజూ | కోడ్ తెలియనివాళ్లకి బరువు |
| అప్‌గ్రేడ్ నోట్ | అడ్మిన్లు, ఏపీఐ వాడేవాళ్లు | వారం పది రోజుల ముందు | ఎక్కువ | చిన్న రిలీజ్‌లకి అనవసరం |
| కొత్తగా ఏముంది | మామూలు వాడుకదారులు | అప్‌డేట్ అయ్యే క్షణంలో | మాటలు తక్కువ, ఆలోచన ఎక్కువ | వివరాలు పట్టవు |
| సపోర్ట్ నోట్ | మన సపోర్ట్, సేల్స్, ట్రైనింగ్ వాళ్లు | రిలీజ్‌కి ఒకరోజు ముందు | మధ్యస్థం | ఆలస్యమైతే వృథా |
| సెక్యూరిటీ ప్రకటన | భద్రత చూసేవాళ్లు, అడ్మిన్లు | వెంటనే | జాగ్రత్త చాలా కావాలి | ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా ముప్పే |

## కమిట్ల జాబితా

గిట్‌హబ్‌లో 2021 నుంచి ఒక్క బటన్ నొక్కితే రిలీజ్ నోట్స్ తయారైపోతాయి. పోయిన రిలీజ్ తర్వాత కలిసిన పుల్ రిక్వెస్టుల పేర్లు, వాటిని ఇచ్చినవారి పేర్లు వరుసగా వచ్చేస్తాయి. లేబుళ్లు పెట్టుకుంటే విభాగాలుగా కూడా విడగొడుతుంది. కమిట్ మెసేజ్‌లకి "ఫీట్" (కొత్త ఫీచర్), "ఫిక్స్" (తప్పు సవరణ) లాంటి ముందుమాటలు పెట్టే కన్వెన్షనల్ కమిట్స్ పద్ధతి పాటిస్తే, తర్వాతి వెర్షన్ నంబరు ఏమిటో కూడా టూల్ తేల్చేస్తుంది.

ఇది సొంత టీమ్‌కి బాగుంటుంది. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్‌లో కోడ్ ఇచ్చినవారికి తమ పేరు కనబడటం కూడా మంచి మర్యాద. ఇబ్బందల్లా దీన్నే అందరికీ పంపించడంతో వస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఒక్కో పెద్ద రిలీజ్‌కి పదివేలకి పైగా కమిట్లు ఉంటాయి. అవి వరుసగా ఉన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ బోధపడదు. అందుకే కెర్నల్ న్యూబీస్ సైట్‌లో ప్రతి వెర్షన్‌కీ ముఖ్యమైన మార్పుల్ని మనుషులు ఏరి, సారాంశంగా రాసి పెడుతున్నారు. మీ ప్రాజెక్టులో నలభై కమిట్లే ఉన్నా ఏరడం తప్పదు. "టెస్ట్ సరిచేశాం" అనే వాక్యమూ, "లాగిన్ గడువు సగానికి తగ్గించాం" అనే వాక్యమూ ఆ జాబితాలో పక్కపక్కనే ఒకే సైజులో ఉంటాయి. రెండోది చదవని కస్టమర్ పని మధ్యలో లాగౌట్ అయిపోయి కంగారు పడతాడు.

## చేతితో రాసే చేంజ్‌లాగ్

డెవలపర్లు వాడే లైబ్రరీకి నేను సూచించేది ఇదే. 2014లో మొదలైన కీప్ ఎ చేంజ్‌లాగ్ పద్ధతి దీనికి మంచి మూస ఇచ్చింది. మార్పులు ఆరు గంపల్లో పడతాయి: చేర్చినవి, మారినవి, త్వరలో తీసేయబోయేవి, తీసేసినవి, సరిచేసినవి, భద్రతకు సంబంధించినవి. కొత్త వెర్షన్ పైన ఉంటుంది, ప్రతిదానికీ తేదీ ఉంటుంది. ఇంకా విడుదల కాని మార్పుల కోసం అన్నిటికంటే పైన ఒక విభాగం ఉంటుంది.

ఆరింటిలో నాకు అమూల్యంగా తోచేది "త్వరలో తీసేయబోయేవి". ఇవాళ పనిచేస్తున్నదాన్ని రేపు తీసేస్తామని ముందే చెప్పడం, అవతలివాళ్ల సమయాన్ని గౌరవించడం. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ఈ విషయంలో చాలా పద్ధతిగా ఉంటుంది. ఏది ఏ వెర్షన్‌లో పోతుందో కాలక్రమం వేసి పెడుతుంది, తీసేసేలోపు వార్నింగ్‌లు ఇస్తుంది.

వెర్షన్ నంబరు కూడా నోట్‌లో భాగమేనని గుర్తుంచుకోండి. సెమాంటిక్ వెర్షనింగ్ ప్రకారం మొదటి అంకె మారితే పాత కోడ్ పనిచెయ్యకపోవచ్చని, రెండోది మారితే కొత్త సౌకర్యం వచ్చిందని, మూడోది మారితే తప్పులు సరిచేశారని అర్థం. 2.4.1 నుంచి 2.4.2కి వెళ్తున్న డెవలపర్ అసలు చేంజ్‌లాగ్ తెరవకపోవచ్చు. ఆ నమ్మకంతోనే వెళ్తాడు. మూడో అంకె మాత్రమే పెంచి లోపల ప్రవర్తన మార్చేస్తే, చేంజ్‌లాగ్‌లో ఎంత వివరంగా రాసినా ఎవరూ చూడరు.

దీనికి రోజూ కాస్త శ్రమ కావాలి. రిలీజ్ రోజు కూర్చుని ఆరు వారాల మార్పులు గుర్తుచేసుకుంటూ రాస్తే సగం జారిపోతాయి. మార్పు చేసిన రోజే, చేసినవారే ఒక చిన్న ఫైల్‌లో రెండు వాక్యాలు రాసి పుల్ రిక్వెస్టుతో పాటు పెట్టడం మేలు. పైథాన్ ప్రాజెక్టు తన చేంజ్‌లాగ్‌ను ఇలాగే ముక్కలు ముక్కలుగా పోగేస్తుంది. బయట టౌన్‌క్రయర్ లాంటి టూల్స్ ఇదే పని చేస్తాయి. అయినా పైథాన్ అక్కడితో ఆగిపోదు. ప్రతి పెద్ద వెర్షన్‌కీ, చదువుకోవడానికి వీలుగా ఉదాహరణలతో ఒక వ్యాసం విడిగా ఇస్తుంది. ముక్కల జాబితా వెతుక్కోవడానికి, వ్యాసం అర్థం చేసుకోవడానికి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేసే గ్నూ ప్రాజెక్టు కూడా చాలాకాలంగా ఇదే విభజన పాటిస్తోంది: వాడేవాళ్లకి న్యూస్ ఫైల్, కోడ్ రాసేవాళ్లకి చేంజ్‌లాగ్ ఫైల్.

## అప్‌గ్రేడ్ నోట్

మార్పు వల్ల ఎవరైనా ఏదైనా పని చెయ్యాల్సి వస్తే ఈ పద్ధతి తప్ప గత్యంతరం లేదు. ఇది ఎలా ఉండాలో చూడాలనుకుంటే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రిలీజ్ నోట్స్ తెరవండి. ప్రతి పెద్ద వెర్షన్‌లోనూ కొత్త సౌకర్యాల పూర్తి జాబితాకంటే ముందే "ఈ వెర్షన్‌కి మారేటప్పుడు" అనే భాగం ఉంటుంది.

2022 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్‌నే తీసుకుందాం. అంతకుముందు డేటాబేస్‌లో పబ్లిక్ అనే స్కీమాలో (టేబుళ్లు ఉంచే అరలో) ఎవరైనా టేబుల్ సృష్టించుకోగలిగేవారు. 15లో ఆ అనుమతి డిఫాల్ట్‌గా తీసేశారు. భద్రతపరంగా చాలా మంచి నిర్ణయం. కానీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, మామూలు యూజర్‌తో టేబుల్ సృష్టించబోయినవారికి పబ్లిక్ స్కీమాకి అనుమతి లేదనే ఎర్రర్ ఎదురైంది. ఆ నోట్ ఈ మార్పు గురించి చెప్పిన తీరు గమనించండి. ఏం మారిందో చెప్పింది. ఎవరికి వర్తిస్తుందో చెప్పింది: కొత్త క్లస్టర్లకీ (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌ల సముదాయాలకీ), పాత క్లస్టర్లలో కొత్తగా సృష్టించే డేటాబేస్‌లకీ. ఎవరికి వర్తించదో కూడా చెప్పింది: అప్‌గ్రేడ్ చేసినా, డంప్ (బ్యాకప్ ఫైల్) నుంచి తిరిగి తెచ్చుకున్నా పాత అనుమతులు అలాగే ఉంటాయి. పాత ప్రవర్తనే కావాలంటే అనుమతి తిరిగి ఇచ్చుకోవచ్చని కూడా చెప్పింది. ఎవరికి వర్తించదో చెప్పడం చాలామంది మర్చిపోయే భాగం. ఆ ఒక్క వాక్యం లేకపోతే, మార్పుతో సంబంధం లేని అడ్మిన్ కూడా ఒక రాత్రంతా టెన్షన్ పడాలి.

లినక్స్ ఆధారంగా నడిచే డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకో మంచి ఉదాహరణ. ప్రతి విడుదలకీ రిలీజ్ నోట్స్‌ను దాదాపు ఒక చిన్న పుస్తకంలా ఇస్తుంది. పాత వెర్షన్ నుంచి ఎలా రావాలో ఒక అధ్యాయం, ఎక్కడెక్కడ ఇబ్బంది రావచ్చో ఇంకో అధ్యాయం. ప్యాకేజీ స్థాయిలో కూడా చేంజ్‌లాగ్ వేరు, అడ్మిన్ కచ్చితంగా చూడాల్సిన న్యూస్ ఫైల్ వేరు. ఏపీటీ లిస్ట్‌చేంజెస్ అనే టూల్ పెట్టుకుంటే ఆ న్యూస్ అప్‌గ్రేడ్ మధ్యలోనే తెర మీదికి వస్తుంది. చదవాల్సిన సమయానికి చదవాల్సినవారి ముందుకి నోట్‌ను తీసుకురావడం అంటే ఇదే.

అప్‌గ్రేడ్ నోట్ రాయడానికి టైమ్ బాగా పడుతుంది, మొహమాటం లేకుండా చెప్పాలంటే ఒక రోజు పోతుంది. చిన్న చిన్న తప్పులు సరిచేసిన రిలీజ్‌కి ఇది అక్కర్లేదు. "మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు" అని ఒక్క లైన్ పెడితే చాలు. ఆ లైన్ మాత్రం తప్పకుండా పెట్టండి.

## కొత్తగా ఏముంది

యాప్ స్టోర్లలో, యాప్ తెరవగానే వచ్చే చిన్న కిటికీలో, కస్టమర్లకి వాట్సాప్‌లో పంపే సందేశంలో కనిపించేది ఇది. గూగుల్ ప్లేలో ఒక్కో భాషకి 500 అక్షరాల పరిమితి. యాపిల్ యాప్ స్టోర్‌లో 4000 వరకు ఇస్తారు, కానీ ముందుగా కనబడేది మొదటి రెండు మూడు లైన్లే.

ఇక్కడ అందరూ చేసే పని "బగ్ ఫిక్సులు, పెర్ఫార్మెన్స్ మెరుగుదలలు" అని రాసేసి వదిలెయ్యడం. నిజంగా అంతే ఉంటే అలా రాయడంలో తప్పేమీ లేదు. వాడేవాళ్లకి తెలిసేలా ప్రవర్తన మారినప్పుడు కూడా అదే వాక్యం పెడితే నమ్మకం పోతుంది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 దీనికి పెద్ద ఉదాహరణ. పాతబడిన బ్యాటరీలున్న ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా, అవసరమైనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించే ఏర్పాటు అందులో పెట్టారు. విడుదలైనప్పటి నోట్స్ మాత్రం బగ్ ఫిక్సులు, భద్రత అన్న దగ్గరే ఆగాయి. ఆ ఏడాది డిసెంబరులో విషయం బయటపడ్డాక యాపిల్ క్షమాపణ చెప్పింది, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. అమెరికాలో నడిచిన కేసులో 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ ఏర్పాటు వెనక కారణం సమంజసమైనదే. "బ్యాటరీ పాతబడితే ఫోన్ ఆగిపోకుండా వేగం కొంత తగ్గవచ్చు" అని మొదటిరోజే ఒక వాక్యం ఉంటే జనం బ్యాటరీ మార్పించుకునేవారు, కొత్త ఫోన్ కొనాలా అని ఆలోచించేవారు కాదు.

వాడుకదారుల నోట్‌లో తెలుగు సంగతి కూడా చెప్పాలి. గూగుల్ ప్లేలో తెలుగులో విడిగా నోట్స్ పెట్టొచ్చు. ఇంగ్లీషులో 500 అక్షరాల్లో ఇమిడిన మాట తెలుగులో ఇమడకపోవచ్చు. ఎందుకంటే "స్క్రీన్" అనే మాట కంటికి చిన్నగా కనిపించినా, కంప్యూటర్లు అక్షరాలు రాసుకునే యూనికోడ్‌లో 8 గుర్తులు. కాబట్టి ఇంగ్లీషు నోట్‌ను తెలుగులోకి మార్చుకుంటూ పోకుండా, ఉన్న మార్పుల్లో ముఖ్యమైన రెండు తీసుకుని తెలుగులోనే నేరుగా రాయండి. యాప్‌లో బటన్ మీద "సేవ్" అని ఉంటే నోట్‌లోనూ "సేవ్" అనే రాయాలి. "భద్రపరచు" అని రాస్తే ఆ బటన్ ఎక్కడుందా అని స్క్రీన్ అంతా వెతుకుతారు.

టెక్నికల్ మార్పును మామూలు మాటల్లో ఎలా చెప్పొచ్చో నేర్చుకోవాలంటే వికీపీడియాను నడిపే వికీమీడియా వారి టెక్ న్యూస్ చూడమంటాను. 2013 నుంచి వారం వారం వస్తోంది. వికీపీడియాలో వ్యాసాలు రాసేవారిలో ఎక్కువమంది ప్రోగ్రామర్లు కారు, అందుకని అందులో వాక్యాలు చిన్నవి. ఇటీవల ఏం మారింది, ముందు ముందు ఏం రాబోతోంది అన్నవి చెబుతాయి. వాలంటీర్లు అనేక భాషల్లోకి అనువదిస్తారు. వికీపీడియా వెనక ఉండే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కి సర్వర్ నడిపేవారి కోసం రిలీజ్ నోట్స్ ఫైల్ వేరే ఉంటుంది.

## సపోర్ట్ నోట్

మన దగ్గర చిన్న కంపెనీల్లో ఎక్కువగా లేనిదీ, తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేదీ ఇది. కస్టమర్ యాప్ స్టోర్‌లో నోట్స్ చదవడు, ఫోన్ చేస్తాడు. ఫోన్ ఎత్తేవారికి ముందే తెలిస్తే రెండు నిమిషాల్లో ముగిసే మాట, తెలియకపోతే టికెట్‌గా (నమోదైన ఫిర్యాదుగా) మారి డెవలపర్ దాకా వెళ్లి రెండు రోజులు తింటుంది. పెద్ద రచన అక్కర్లేదు. కస్టమర్ ఏమని అడుగుతాడు, మనం ఏం చెప్పాలి, ఎప్పుడు టెక్నికల్ టీమ్‌కి పంపాలి, ఈ మూడే.

## సెక్యూరిటీ ప్రకటన

దీన్ని మిగతావాటితో కలపకండి. ఏ వెర్షన్లకి ప్రమాదం ఉంది, ఏ వెర్షన్‌లో సరైంది, వెంటనే అప్‌డేట్ చెయ్యలేనివారు తాత్కాలికంగా ఏం చెయ్యాలి అన్నవి ఉంటే చాలు. లోపం ఎక్కడుందో పూసగుచ్చినట్టు చెబితే ఇంకా అప్‌డేట్ చెయ్యనివారి మీద దాడికి దారి చూపించినట్టవుతుంది. క్రోమ్ టీమ్ ఎక్కువమంది అప్‌డేట్ అయ్యేదాకా బగ్ వివరాలను మూసి ఉంచుతుంది. మీరూ అదే పద్ధతి పాటించండి.

## ఒకే మార్పు, నలుగురికి

నా రౌండాఫ్ మార్పునే ఇప్పుడు రాస్తే ఇలా రాస్తాను.

చేంజ్‌లాగ్‌లో, "మారినవి" కింద: రౌండాఫ్ ఇకపై ఇన్వాయిస్ మొత్తం మీద ఒక్కసారే జరుగుతుంది. ఇదివరకు ప్రతి లైన్‌లో జరిగేది. లైన్‌లోని రౌండాఫ్ ఫీల్డ్ విలువ ఎప్పుడూ 0 ఉంటుంది.

షాపు అడ్మిన్‌కి: ఈ వెర్షన్ వేసే ముందు ఆ రోజు క్యాష్ క్లోజింగ్ పూర్తి చెయ్యండి. సేల్స్ రిపోర్ట్‌ను ఎక్సెల్‌లోకి తీసుకునేవారు గమనించాలి: మందుల వరుసల్లో ఉండే రౌండాఫ్ అంకె ఇకపై బిల్లు మొత్తం దగ్గర వస్తుంది. స్టాక్, జీఎస్‌టీ రిపోర్టుల్లో మార్పు లేదు.

కౌంటర్‌కి: అవే మందులకి పోయినసారికీ ఈసారికీ బిల్లులో ఒకటి రెండు రూపాయల తేడా కనబడవచ్చు. పైసల్ని ఇప్పుడు ఒక్కో మందుకి కాకుండా బిల్లు చివర్లో సర్దుతున్నాం. పాత బిల్లు మీద రిటర్న్ వస్తే ఆ బిల్లు మీదున్న మొత్తమే తిరిగివ్వండి.

సపోర్ట్‌కి: "మందుల ధర పెంచారా" అని అడిగితే, ధర పెరగలేదు, పైసలు సర్దే పద్ధతి మారిందని చెప్పండి. తేడా బిల్లులో ఉన్న మందుల సంఖ్యకి తగ్గట్టు లేకుండా మరీ ఎక్కువ ఉంటే బిల్లు ఫొటో తీసుకుని మాకు పంపండి.

కౌంటర్ నోట్‌లోని చివరి వాక్యం మళ్లీ చూడండి. శుక్రవారం నాడే దాన్ని రాయబోయి ఉంటే, రాస్తుండగానే నాకు తట్టేది: పాత బిల్లు రిటర్న్‌ను పాత పద్ధతిలో లెక్కగట్టాల్సింది సాఫ్ట్‌వేర్, కౌంటర్లో అబ్బాయి కాదు. అది కోడ్‌లో సరిచెయ్యాల్సిన తప్పు. మంగళవారం ప్యాచ్ (తప్పు సరిచేసే చిన్న అప్‌డేట్) పంపించి అదే చేశాం. వాడేవాళ్ల వైపు నుంచి రాస్తే ఇలాంటి తప్పులు విడుదలకి ముందే దొరుకుతాయి. ఇన్ని రూపాల్లో రాయడం దండగ అనేవాళ్లకి నేను చెప్పే మొదటి కారణం ఇది.

## మీ పరిస్థితికి ఏది?

ఒక్కరే నడిపే ఓపెన్ సోర్స్ లైబ్రరీ అయితే: చేతితో రాసిన చేంజ్‌లాగ్ ఒక్కటి చాలు. గిట్‌హబ్ జాబితాను దాని కింద అతికించండి, కోడ్ ఇచ్చినవారి పేర్లు అక్కడ ఉంటాయి. మొదటి అంకె మారే వెర్షన్‌కి మాత్రం ఒక సాయంత్రం కూర్చుని అప్‌గ్రేడ్ నోట్ రాయండి.

షాపులకి, స్కూళ్లకి, క్లినిక్‌లకి సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న టీమ్ అయితే: చేంజ్‌లాగ్‌ను లోపల ఉంచుకోండి. బయటికి కౌంటర్ నోట్, లోపల సపోర్ట్ నోట్ తప్పనిసరి. రెండిట్లో ఒకదానికే టైమ్ ఉంటే సపోర్ట్ నోట్ రాయండి, ఎందుకంటే మీ కస్టమర్లు చదవడంకంటే ఫోన్ చెయ్యడమే ఎక్కువ. కౌంటర్ నోట్ తెలుగులో, వాట్సాప్‌లో, మారిన స్క్రీన్ ఫొటోతో వెళ్తే ఇంకా మంచిది.

బయటి కంపెనీలు మీ ఏపీఐ వాడుతుంటే: అప్‌గ్రేడ్ నోట్ మీద పెట్టుబడి పెట్టండి. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన చూపించండి. గడువు తేదీ లేకుండా "త్వరలో తీసేస్తాం" అని రాయకండి. తేదీ లేకపోతే ఎవరూ కదలరు.

మొబైల్ యాప్ అయితే: స్టోర్ నోట్ చిన్నగా, నిజాయితీగా. వాడేవాళ్లు రోజూ తాకే బటన్ పక్కకి జరిగితే దాన్ని మొదటి లైన్‌లో పెట్టండి, మీరు నెల రోజులు కష్టపడిన కొత్త ఫీచర్ రెండో లైన్‌లోకి వెళ్లినా సరే.

పెద్ద ప్రొడక్ట్ అయితే: అన్నీ కావాలి, ఎవరో ఒకరు వాటికి బాధ్యులుగా ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌లో వాడేవారికి రిలీజ్ నోట్స్, వెబ్ డెవలపర్లకి విడి పేజీ, కంపెనీల ఐటీ విభాగాలకి ఇంకోటి, భద్రతా లోపాలకి మరోటి ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకులు ఉంటాయి కాబట్టి తప్పు పేజీకి వచ్చినవారు కూడా దారి తప్పరు. మీకు నాలుగు పేజీలు నడిపే మనుషులు లేకపోతే ఒకే పేజీలో "అడ్మిన్లకి", "డెవలపర్లకి", "అందరికీ" అని మూడు శీర్షికలు పెట్టండి. అందరికీ అన్నది పైన ఉండాలి.

ఆటోమేషన్ గురించి తరచూ అడుగుతారు. పోగెయ్యడం వరకు మెషీన్‌కి అప్పగించండి, ఈ రోజుల్లో ఏఐ టూల్స్ మొదటి చిత్తుప్రతి కూడా బాగానే ఇస్తాయి. ఏరడం మాత్రం మనిషి చెయ్యాలి. కమిట్లలో లేని విషయం, అంటే మన షాపుల్లో రాత్రి పదింటికి గల్లాపెట్టె లెక్క చూస్తారన్నది, కమిట్లు చదివే టూల్‌కి తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు నేను రిలీజ్‌కి ముందురోజు మధ్యాహ్నం నోట్‌ను మా సపోర్ట్‌లో పనిచేసే ఒకావిడకి పంపిస్తాను. బాగుందా అని అడగను. "ఇది చదివాక రేపు మీరేం చేస్తారో చెప్పండి" అంటాను. ఆవిడ టకటకా చెప్పేస్తే నోట్ వెళ్తుంది. "అంటే ఏంటండీ?" అని ఆవిడ ఆగిన వాక్యం దగ్గర నేనూ ఆగి, మళ్లీ రాస్తాను.